క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ వస్తే ఏం చేయాలి: ఇంకో డోనరా, స్వాపా, డీసెన్సిటైజేషనా, లిస్టులో వెయిటింగా?

ముందే నా లెక్క చెప్పేస్తా, కారణాలు తర్వాత తీరిగ్గా. కిడ్నీ ఇస్తామని ఇంట్లో ఒకళ్ళు ముందుకొచ్చారు, టెస్టులు చేస్తే క్రాస్‌మ్యాచ్ పాజిటివ్, అంటే పేషెంటు రక్తం ఆ డోనర్ కణాల మీద దాడి చేస్తోంది, అన్నారు అనుకోండి. మొదట ఆ పాజిటివ్ నిజందా ఉత్తదా తేల్చుకోవాలి. నిజందే అయితే ఇంట్లో ఇంకో డోనర్ ఉన్నారేమో చూడాలి, లేకపోతే స్వాప్, అంటే ఇంకో జంటతో డోనర్లని మార్చుకోవడం, అదీ కుదరకపోతేనే మందులతో యాంటీబాడీ (ఆ దాడి చేసే ప్రోటీన్) తగ్గించి అదే డోనర్‌తో వెళ్ళే దారి, అదే డీసెన్సిటైజేషన్. ఇవన్నీ నడుస్తుండగానే బ్రెయిన్‌డెడ్ డోనర్ లిస్టులో పేరు ఉండాలి. మనోళ్ళు చాలామంది దీన్ని తిరగేసి మొదలుపెడతారు, పాజిటివ్ అనగానే "ఎంత ఖర్చయినా పర్లేదు సార్, మందులు ఇచ్చి చేసేయండి" అంటారు, ఆస్తి అమ్మాల్సిన పని అక్కడే మొదలవుతుంది.

నేను బెంగళూరులో ఒక హెచ్‌ఎల్‌ఏ ల్యాబ్‌లో, అంటే ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు మ్యాచింగ్ టెస్టులు చేసే చోట పనిచేస్తా, డాక్టర్ని కాదు, కాబట్టి ఇది చదివి మీ నెఫ్రాలజిస్ట్‌ని సరైన ప్రశ్నలు అడగడానికి వాడుకోండి, ఆయన చెప్పింది కొట్టేయడానికి కాదు. హిందూపురం, అనంతపురం, మదనపల్లె, కడప నుంచి వచ్చేవాళ్ళు మా కౌంటర్ దగ్గర తెలుగు మాట వినపడగానే రిపోర్టు చేతిలో పెట్టి "మ్యాచ్ అయిందా లేదా చెప్పన్నా" అంటారు. ఆ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి, వాటిని విడదీస్తే సగం అయోమయం పోతుంది.

ఒకటి బ్లడ్ గ్రూపు. ఓ వాళ్ళు ఎవరికైనా ఇవ్వొచ్చు, ఏబీ వాళ్ళు ఎవరి దగ్గరైనా తీసుకోవచ్చు, గ్రూపు పక్కనుండే పాజిటివా నెగటివా అనేది కిడ్నీకి అడ్డం కాదు. రెండోది హెచ్‌ఎల్‌ఏ మ్యాచింగ్. ఇవి మన కణాల మీద ఉండే గుర్తులు, 6వ క్రోమోజోమ్ మీద ఉంటాయి, అమ్మ దగ్గర్నుంచి ఒక సెట్టు నాన్న దగ్గర్నుంచి ఒక సెట్టు వస్తాయి. అందుకే తల్లిదండ్రులతో ఎప్పుడూ కనీసం సగం కలుస్తుంది, తోబుట్టువులతో అయితే పూర్తిగా కలిసే చాన్స్ నాలుగింట ఒకటి, సగం కలిసేది నాలుగింట రెండు, ఏమీ కలవనిది నాలుగింట ఒకటి. భార్యాభర్తల మధ్య మామూలుగా చూసే ఆరు గుర్తుల్లో (ఏ, బీ, డీఆర్ రెండేసి) ఒకటో రెండో కలిస్తే గొప్ప, ఒక్కటీ కలవకపోయినా ఇప్పుడున్న మందులతో ఆ కిడ్నీలు బాగానే నడుస్తున్నాయి. కాబట్టి "3/6 అంట, యాభై పర్సెంటే అంట" అని ఏడవాల్సిన పని లేదు, అదేమీ పాస్ మార్కు కాదు.

మూడోదే అసలైంది, యాంటీబాడీ. పేషెంటు రక్తంలో ఆ డోనర్ హెచ్‌ఎల్‌ఏ మీద ముందే తయారై కూర్చున్న యాంటీబాడీ ఉందా లేదా. దీన్నే డీఎస్‌ఏ అంటారు, అంటే ఈ డోనర్ మీదే పనిచేసే యాంటీబాడీ అని. 3/6 కలిసినా డీఎస్‌ఏ గట్టిగా ఉంటే ఆ డోనర్ పనికిరాడు, 0/6 అయినా డీఎస్‌ఏ లేకపోతే పనికొస్తాడు. ఇది మా కౌంటర్ దగ్గర రోజూ చెప్తా, రోజూ ఎవరో ఒకరు నమ్మరు.

ఈ యాంటీబాడీలు మూడు దార్లలో వస్తాయి: రక్తం ఎక్కించుకోవడం, గర్భం, ఇంతకుముందు చేసిన ట్రాన్స్‌ప్లాంట్. గర్భం అంటే కాన్పు దాకా వెళ్ళిందే కాదు, అబార్షన్ అయినా లెక్కే. బిడ్డలో సగం తండ్రివి కదా, ఆ తండ్రి గుర్తుల మీద తల్లి ఒంట్లో యాంటీబాడీ తయారవుతుంది. ఇప్పుడు ఆ తల్లికే కిడ్నీ పాడైతే, ఇస్తానని వచ్చేది ఎవరు? ఆ భర్తే, లేకపోతే ఆ బిడ్డే. అందుకే భార్య తన కిడ్నీ భర్తకి ఇచ్చేటప్పుడు ఈ గొడవ తక్కువ, భర్త భార్యకి ఇచ్చేటప్పుడు ఎక్కువ. ఆడ పేషెంటు, పిల్లలున్నారు, డోనర్ భర్త లేదా కొడుకు అంటే మొదటి రోజే యాంటీబాడీ టెస్టు పూర్తిగా చేయించండి, చివర్లో కాదు.

ఇక టెస్టుల సంగతి, ఏది ఏంటి, దేనికి డబ్బు పెట్టాలి.

సీడీసీ క్రాస్‌మ్యాచ్ పాతది, ఇప్పటికీ మన దగ్గర ఎక్కువమంది చేసేది. పాల్ తెరసాకి అనే ఆయన 1964లో చిన్న ట్రేలో చేసే పద్ధతి తెచ్చాడు, 1969లో పటేల్‌తో కలిసి లెక్కలు ప్రచురించాడు: క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ ఉన్నా ముందుకెళ్ళిన 30 ట్రాన్స్‌ప్లాంట్‌లలో 24 కిడ్నీలు వెంటనే పోయాయి, నెగటివ్ ఉన్న 195లో పోయినవి 8. ఆ తర్వాత ఈ టెస్టు లేకుండా కిడ్నీ పెట్టడం ఆగిపోయింది. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ట్రే, 60 గానీ 72 గానీ గుంటలు, ఒక్కో గుంటలో ఒక మైక్రోలీటరు పేషెంటు సీరం (రక్తంలో కణాలు తీసేశాక మిగిలే నీళ్ళలాంటిది), దాంట్లో డోనర్ లింఫోసైట్లు (టీ సెల్స్, బీ సెల్స్ అనే తెల్లకణాలు) వేసి అరగంట ఉంచి, కుందేలు రక్తం నుంచి తీసిన కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు పోసి గంట ఆగుతాం. యాంటీబాడీ ఉంటే కాంప్లిమెంట్ ఆ కణాన్ని చిల్లులు పొడిచి చంపేస్తుంది. రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే బతికినవి ఆకుపచ్చగా, చచ్చినవి ఎర్రగా కనపడతాయి. చచ్చినవి 10 శాతం లోపు ఉంటే నెగటివ్ అంటాం, 20 దాటితే పాజిటివ్, మధ్యలో ఉంటే మళ్ళీ చేస్తాం. ఇంతే విషయం, కానీ ఇందులోనే రెండు మూడు తేడాలు కొడతాయి.

డోనర్ రక్తం ఊళ్ళో తీసి బస్సులో పార్శిల్ పంపిస్తే దార్లోనే సగం కణాలు చచ్చిపోతాయి, ఇక్కడ చూస్తే పేషెంటు సీరం లేని కంట్రోల్ గుంటలో కూడా ఎర్రగా ఉంటుంది. అలాంటి శాంపిల్‌తో ఏం చెప్తాం. డోనర్ మనిషే రావాలి, ఇక్కడే రక్తం ఇవ్వాలి, పార్శిల్ ఖర్చు మిగుల్చుకుని టెస్టు ఖర్చు రెండుసార్లు కట్టొద్దు. రెండోది, పాజిటివ్ ఐజీఎం అనే రకం యాంటీబాడీ వల్ల కూడా రావచ్చు, ఈ మధ్య వైరల్ జ్వరం వచ్చినా, లూపస్ (సొంత ఒంటి మీదే యాంటీబాడీలు పుట్టే జబ్బు) ఉన్నా వస్తుంటుంది. డీటీటీ అనే కెమికల్ కలిపి మళ్ళీ చేస్తే ఐజీఎం పని ఆగిపోతుంది, అప్పుడు నెగటివ్‌కి వస్తే చాలావరకు అది అడ్డంకి కాదు. పేషెంటు సీరం పేషెంటు కణాల మీదే వేసి చూసే ఆటో క్రాస్‌మ్యాచ్ ఒకటుంది, అది కూడా పాజిటివ్ అయితే ఆ యాంటీబాడీకి డోనర్‌తో సంబంధం లేకపోవచ్చు. ఇంకోటి, బీ సెల్స్‌ని తగ్గించే రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ ఈ మధ్యే పడి ఉంటే బీ సెల్ క్రాస్‌మ్యాచ్ ఉత్తుత్తిగానే పాజిటివ్ చూపిస్తుంది. ఏ ఇంజెక్షన్ ఎప్పుడు పడిందో ల్యాబ్‌కి చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది చెప్పండి. రిపోర్టులో డీటీటీ లైను, ఆటో లైను లేకుండా ఉత్త "పాజిటివ్" అని ఉంటే, అవి చేశారా అని అడగడం మీ హక్కు.

ఫ్లో క్రాస్‌మ్యాచ్ అదే పని ఇంకా నిశితంగా చేస్తుంది, కణం చచ్చిందా లేదా అని కాకుండా కణానికి యాంటీబాడీ అంటుకుందా అని మెషిన్‌తో చూస్తుంది. సీడీసీకి దొరకని బలహీనమైన యాంటీబాడీ దీనికి దొరుకుతుంది. సీడీసీ పాజిటివ్, అదీ టీ సెల్స్ మీద ఐజీజీతో (డీటీటీ కలిపినా పోని రకం యాంటీబాడీ) అంటే ఎర్ర లైటు, ఆ డోనర్‌తో ఇప్పుడున్నట్టుగా వెళ్ళడానికి లేదు. సీడీసీ నెగటివ్, ఫ్లో పాజిటివ్ అంటే ఆగి చూసుకోమని. కిడ్నీ టేబుల్ మీదే నల్లబడిపోయే హైపర్‌అక్యూట్ రిజెక్షన్ భయం తక్కువ గానీ తర్వాత వారాల్లో, నెలల్లో యాంటీబాడీ రిజెక్షన్ వచ్చే రిస్క్ ఎక్కువ.

లూమినెక్స్ అనే మాట రెండు వేరే టెస్టులకి వాడతారు, ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, మోసం అంటే ఎవరో చేసేది కాదు, పేరు ఒకటే ఉండటం వల్ల. ఒకటి లైసేట్ పద్ధతి, డోనర్ కణాలని పగలగొట్టి ఆ ముక్కల్ని పూసలకి అంటించి పేషెంటు సీరంతో కలుపుతారు, క్లాస్ 1, క్లాస్ 2 అని రెండు అంకెలు వస్తాయి. చవక, మన దగ్గర బాగా నడుస్తుంది, కానీ సీ, డీక్యూ, డీపీ అనే హెచ్‌ఎల్‌ఏ రకాల మీద ఉండే యాంటీబాడీలు దీన్ని తప్పించుకునే అవకాశం ఉంది. రెండోది సింగిల్ యాంటిజెన్ బీడ్ టెస్టు, ఒక్కో పూస మీద ఒకే ఒక్క హెచ్‌ఎల్‌ఏ ఉంటుంది, కాబట్టి పేషెంటుకి ఏ2 మీద ఉందా, బీ35 మీద ఉందా, డీఆర్15 మీద ఉందా అని పేరు పేరునా చెప్తుంది. ఖరీదు, సీడీసీకి ఎన్నో రెట్లు. కానీ ముందున్న దార్లలో ఏది ఎంచుకోవాలో చెప్పేది ఇదొక్కటే.

ఆ రిపోర్టులో ఎంఎఫ్‌ఐ అని ఒక నంబరు ఉంటుంది, 800, 3000, 12000 ఇలా. షుగర్ నంబరు లాగా చదవకండి దాన్ని. అది పూస ఎంత వెలిగిందో చెప్తుంది గానీ రక్తంలో ఎంత యాంటీబాడీ ఉందో కొలిచి చెప్పేది కాదు. ఒక ల్యాబ్‌లో 2500 ఇంకో ల్యాబ్‌లో 1500 రావచ్చు. యాంటీబాడీ మరీ ఎక్కువ ఉన్నా కొన్నిసార్లు నంబరు తక్కువ చూపిస్తుంది, ప్రోజోన్ అంటారు, సీరం పలచన చేసో ఈడీటీఏ కలిపో మళ్ళీ చేస్తే బయటపడుతుంది. పూస మీద ఆకారం చెడిపోయిన హెచ్‌ఎల్‌ఏ ఉంటే దానికి అంటుకుని ఉత్త పాజిటివ్ కూడా వస్తుంది, గర్భం లేదు రక్తం ఎక్కలేదు ఏమీ లేని మగ పేషెంటుకి యాంటీబాడీ కనిపిస్తే ముందు ఈ అనుమానం రావాలి. అందుకే చెన్నైలో ఒకటి, బెంగళూరులో ఒకటి చేయించి రెండు నంబర్లు పక్కపక్కన పెట్టుకుని బుర్ర పాడుచేసుకోవద్దు, ట్రాన్స్‌ప్లాంట్ ఏ హాస్పిటల్లో అనుకుంటున్నారో వాళ్ళ ల్యాబ్‌లోనే మొదట్నుంచీ చేయించండి.

డోనర్ టైపింగ్ ఏ, బీ, డీఆర్ వరకే చేసి వదిలేస్తే, సింగిల్ యాంటిజెన్‌లో డీక్యూ మీద యాంటీబాడీ కనపడినా డోనర్‌కి ఆ డీక్యూ ఉందో లేదో తెలీదు, అంత డబ్బు పెట్టి చేసిన టెస్టు సగం వృథా. సీ, డీక్యూ, డీపీతో కలిపి టైపింగ్ చేయించండి, తేడా డబ్బు పెద్దగా ఉండదు.

డబ్బు టైటుగా ఉంటే నా అభిప్రాయం ఇది. ఎప్పుడూ రక్తం ఎక్కని మగ పేషెంటు, మొదటి ట్రాన్స్‌ప్లాంట్, డోనర్ అమ్మ అయితే సీడీసీ, ఫ్లో, ఒక చవక స్క్రీనింగ్ చాలు, డాక్టర్ ఒప్పుకుంటే. పిల్లలున్న ఆడ పేషెంటు, రక్తం ఎక్కినవాళ్ళు, రెండో ట్రాన్స్‌ప్లాంట్ వాళ్ళు, వీళ్ళు ఎక్కడ పొదుపు చేసినా సింగిల్ యాంటిజెన్ దగ్గర చేయొద్దు.

ఒక ఉదాహరణ చెప్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. హిందూపురం పక్క నుంచి ఒక అక్క, ఇద్దరు పిల్లలు, డయాలసిస్‌లో ఉండగా రక్తం కూడా ఎక్కింది. భర్తది, ఆమెది ఒకే గ్రూపు, ఆయన అన్ని రకాలుగా ఫిట్. సీడీసీ టీ సెల్ పాజిటివ్, డీటీటీ కలిపినా పాజిటివే. ఆయన మా కౌంటర్ దగ్గర నిలబడి "ఒకటే గ్రూపు కదా తమ్ముడూ, ఇద్దరం ఒకే ఇంట్లో ఒకే తిండి తింటున్నాం, నాది ఎందుకు పడదు ఆమెకి" అని అడిగాడు, నేను గర్భం సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అంటే మా పిల్లోళ్ళ వల్లనా" అన్నాడు. వాళ్ళ తప్పేం లేదన్నా, ఒంటి పని అది, అన్నా. సింగిల్ యాంటిజెన్‌లో ఆమెకి ఏ24 మీద గట్టి యాంటీబాడీ ఉంది, డీఆర్15 మీద ఒక మోస్తరు, ఆ రెండూ భర్తకి ఉన్నాయి. మిగతా పూసలు చాలావరకు ఖాళీ. అంటే ఆమెకి లోకం మొత్తం మీద పగ లేదు, ఈ ఒక్క డోనర్‌తోనే చిక్కు. ఆమె అన్నని పిలిపించి టైపింగ్ చేస్తే సగం కలిసింది, ఏ24 లేదు, డీఆర్15 లేదు, సీడీసీ, ఫ్లో రెండూ నెగటివ్. ఆ అన్న భార్యని ఒప్పించడానికి పట్టిన టైము మా టెస్టులన్నిటికీ కలిపి పట్టిన దానికంటే ఎక్కువ, అది వేరే కథ.

ఆ కేసులో భర్తతోనే వెళ్ళాలని పట్టుబట్టి ఉంటే ప్లాస్మా మార్పిడి, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల ఇంజెక్షన్), రిటుక్సిమాబ్, అన్నీ పెట్టుకోవాల్సి వచ్చేది. డోనర్ మారితే అవేవీ అక్కర్లేకుండా పోయింది. అందుకే డోనర్ మార్చడం కుదిరితే యాంటీబాడీతో కొట్లాడొద్దు అంటా.

ఇంకో డోనర్ అనేటప్పుడు చట్టం గుర్తుంచుకోండి. 1994 అవయవ మార్పిడి చట్టం, 2011 సవరణ ప్రకారం దగ్గరి బంధువు అంటే భార్య లేదా భర్త, అమ్మ, నాన్న, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, అవ్వతాతలు, మనవళ్ళు మనవరాళ్ళు, అంతే. మన లెక్కలో పెదనాన్న కొడుకు సొంత అన్నే, మేనమామ తండ్రితో సమానం, బావమరిది ఇంట్లో మనిషే, చట్టం లెక్కలో వీళ్ళెవరూ దగ్గరి బంధువులు కారు. వాళ్ళు ఇవ్వకూడదని కాదు, ఆథరైజేషన్ కమిటీ ముందుకెళ్ళాలి, ఆంధ్రా నుంచి బెంగళూరుకో చెన్నైకో వచ్చినవాళ్ళైతే సొంత రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ కూడా తెచ్చుకోవాలి, దానికి టైము పడుతుంది. కాబట్టి టెస్టులకి డబ్బు పెట్టేముందు పేపర్ల సంగతి ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌తో మాట్లాడండి.

ఇంట్లో ఎవరూ కుదరలేదు, అప్పుడు స్వాప్. మీ డోనర్ కిడ్నీ వాళ్ళ పేషెంటుకి, వాళ్ళ డోనర్ కిడ్నీ మీ పేషెంటుకి. 2011 సవరణతో ఇది మన దగ్గర చట్టబద్ధం, అయితే ప్రతి జంటలో డోనర్ దగ్గరి బంధువే అయి ఉండాలి, కమిటీ పర్మిషన్ కావాలి. ప్రపంచంలో మొదటిది 1991లో దక్షిణ కొరియాలో జరిగింది, మన దేశంలో అహ్మదాబాద్‌లోని కిడ్నీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు వీటిలో బాగా ముందున్నారు. మామూలుగా ఆపరేషన్లన్నీ ఒకే రోజు ఒకే టైముకి మొదలుపెడతారు, ఒకళ్ళకి కిడ్నీ వచ్చేశాక రెండో వాళ్ళు వెనక్కి తగ్గకూడదని. మనోళ్ళకి స్వాప్ అంటే ఒక జంకు ఉంటుంది, "మా ఆయనది మంచి కిడ్నీ, వాళ్ళది ఎలాంటిదో" అని. డోనర్లందరికీ అవే టెస్టులు చేస్తారు, వయసులో మరీ తేడా ఉంటే కుదరదనే హక్కు మీకుంది.

స్వాప్ ఎవరికి తొందరగా దొరుకుతుందంటే, ఏ గ్రూపు పేషెంటుకి బీ డోనర్, బీ పేషెంటుకి ఏ డోనర్, ఇలాంటి జంటలకి. ఓ గ్రూపు పేషెంటుకి కష్టం, ఎందుకంటే ఓ డోనర్ ఉన్నవాళ్ళకి మామూలుగా స్వాప్ అవసరమే పడదు. అలాగే యాంటీబాడీ ఒకటి రెండు గుర్తుల మీదే ఉంటే తేలిక, పైన చెప్పిన అక్కకి అన్న లేకపోయుంటే స్వాప్ బాగా కలిసొచ్చేది. దీనికి చూడాల్సిన నంబరు సీపీఆర్‌ఏ. సీపీఆర్‌ఏ 15 అంటే నూటికి 15 మంది డోనర్లు పడరు, 85 మంది పడతారు, అలాంటప్పుడు ఈ ఒక్క డోనర్ కోసం లక్షలు పోసి మందులు వాడటంలో అర్థం లేదు. సీపీఆర్‌ఏ 95 అంటే నూటికి ఐదుగురే మిగిలారు, స్వాప్‌లోనూ లిస్టులోనూ అన్నీ మూసుకుపోతున్నట్టే, అప్పుడు డీసెన్సిటైజేషన్ గురించి సీరియస్‌గా ఆలోచించాలి. స్వాపా డీసెన్సిటైజేషనా అనే ప్రశ్నకి నా జవాబు సగం ఈ ఒక్క నంబర్లోనే ఉంటుంది, మీ రిపోర్టులో లేకపోతే లెక్కకట్టి ఇవ్వమనండి.

డీసెన్సిటైజేషన్ అంటే ఏం చేస్తారో క్లుప్తంగా: ప్లాస్మాఫెరిసిస్‌తో యాంటీబాడీని రక్తంలోంచి తోడేస్తారు, ఐవీఐజీ ఇస్తారు, రిటుక్సిమాబ్‌తో బీ సెల్స్‌ని తగ్గిస్తారు, క్రాస్‌మ్యాచ్ నెగటివ్‌కి వచ్చాక ఆపరేషన్. పనిచేయదా అంటే పనిచేస్తుంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు 2011లో ప్రచురించిన లెక్కల్లో ఇలా చేయించుకున్నవాళ్ళు డయాలసిస్‌లో ఉండిపోయినవాళ్ళకంటే ఎక్కువ మంది బతికారు, 8 ఏళ్ళకి 80.6 శాతం, అటువైపు 30.5. అదే బ్రిటన్ వాళ్ళు 2017లో చూస్తే లిస్టులో ఆగినవాళ్ళకీ వీళ్ళకీ బతకడంలో తేడా కనపడలేదు. రెండూ నిజమే, డయాలసిస్ ఎంత బాగా నడుస్తుంది, లిస్టు ఎంత తొందరగా కదులుతుంది అనే దాన్నిబట్టి ఫలితం మారుతుంది. మన దగ్గర చిక్కు ఏంటంటే ఇన్ఫెక్షన్, టీబీ, సీఎంవీ, బీకే వైరస్ లాంటివి, రోగనిరోధకత అంత అణిచాక ఇవి కాచుకుని ఉంటాయి. పైగా హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీ తోడేసినా జ్ఞాపకం పోదు, ఆపరేషన్ తర్వాత మళ్ళీ లేస్తుంది, అప్పుడు బయాప్సీలు, మళ్ళీ ప్లాస్మా, మళ్ళీ బిల్లు. ప్యాకేజీ రేటు చెప్పేటప్పుడు ఇది కలిపి చెప్పరు, "రిజెక్షన్ వస్తే దానికి ఎంతవుతుంది" అని విడిగా అడగండి.

బ్లడ్ గ్రూపు పడకపోవడం మాత్రం దీనికంటే మెత్తని శత్రువు. జపాన్ వాళ్ళు బ్రెయిన్‌డెడ్ డోనర్లు దొరక్క 1980ల చివర్నుంచే గ్రూపు పడని కిడ్నీలు పెడుతున్నారు, అప్పట్లో స్ప్లీన్ కూడా తీసేసేవాళ్ళు, ఇప్పుడు ఆ పని రిటుక్సిమాబ్ చేస్తుంది. ఇక్కడ చూసేది టైటర్, అంటే గ్రూపు యాంటీబాడీ ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకె, యాంటీ ఏ గానీ యాంటీ బీ గానీ 1:16 ఉంటే ఒక కథ, 1:512 ఉంటే ఇంకో కథ. ప్లాస్మాతోనో ప్రత్యేకమైన కాలమ్‌తోనో దాన్ని దించి ఆపరేషన్ చేస్తారు. ఒక రెండు వారాలు గడిచాక యాంటీబాడీ మళ్ళీ వచ్చినా కిడ్నీ దానికి అలవాటు పడిపోతుంది, అకామడేషన్ అంటారు, హెచ్‌ఎల్‌ఏ దగ్గర ఈ సుఖం మీద ఆశ పెట్టుకోలేం. కాబట్టి ఇద్దరు డోనర్లు ఉన్నారు, ఒకళ్ళది గ్రూపు పడదు కానీ డీఎస్‌ఏ లేదు, ఇంకొకళ్ళది గ్రూపు పడుతుంది కానీ డీఎస్‌ఏ గట్టిగా ఉంది అంటే, టైటర్ మరీ ఆకాశంలో లేకపోతే నేనైతే మొదటి వాళ్ళవైపే మొగ్గుతా. ఓ గ్రూపు పేషెంటు స్వాప్ కోసం ఏళ్ళు ఆగే బదులు ఇది అడగడం మంచిది. ఒక చిన్న జాగ్రత్త, ఇలాంటి ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ప్లాస్మా ఎక్కించాల్సి వస్తే పేషెంటు గ్రూపు ప్లాస్మా ఎక్కించకూడదు, ఏబీ ప్లాస్మా లాంటి యాంటీబాడీ లేనిదే ఎక్కించాలి. ఊళ్ళో చిన్న హాస్పిటల్‌కి ఎమర్జెన్సీలో వెళ్తే వాళ్ళకి ఇది తెలియకపోవచ్చు, డిశ్చార్జ్ సమ్మరీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి.

లిస్టు విషయం. దాన్ని నడిపేది తమిళనాడులో ట్రాన్స్‌టాన్, కర్ణాటకలో జీవసార్థకతె, మన రెండు రాష్ట్రాల్లో జీవన్‌దాన్. 2023లో కేంద్రం స్థానికత రూలు, 65 ఏళ్ళ పరిమితి, రిజిస్ట్రేషన్ ఫీజు వద్దని రాష్ట్రాలకి చెప్పింది, ఎక్కడైనా ఒక చోట పేరు పెట్టుకోవచ్చు. పేరు పెట్టుకోవడం వేరు, కేటాయింపులో లోకల్ వాళ్ళకి ముందు వరుస ఉందా లేదా వేరు, అది కోఆర్డినేటర్‌ని సూటిగా అడగండి. ఇంకోటి దూరం. ఫోన్ వస్తే కొన్ని గంటల్లో హాస్పిటల్లో ఉండాలి, నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వాళ్ళకి చెన్నై, అనంతపురం, హిందూపురం వాళ్ళకి బెంగళూరు, కర్నూలు వాళ్ళైతే హైదరాబాద్ కూడా ఆలోచించుకోండి. ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక టాక్రోలిమస్ (ఒళ్ళు కిడ్నీని తిప్పికొట్టకుండా వాడే మందు) లెవెల్ కోసం, చెకప్‌ల కోసం జీవితాంతం తిరగాల్సింది కూడా అక్కడికే. స్కీమ్ కార్డు ఉంటే పక్క రాష్ట్రం హాస్పిటల్లో ఏ ప్యాకేజీ వర్తిస్తుందో ఆరోగ్యమిత్రని ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

లివర్ కోసం చూస్తున్నవాళ్ళు కూడా ఇది చదివి భయపడతారని చెప్తున్నా, లివర్‌కి ఈ క్రాస్‌మ్యాచ్ గొడవ అంత లేదు, అది యాంటీబాడీని చాలావరకు తట్టుకుంటుంది. గుండెకి మాత్రం కిడ్నీ లాగే చూస్తారు.

ఏ దారి పట్టినా డయాలసిస్‌లో ఉన్నన్నాళ్ళు కొత్త యాంటీబాడీ పుట్టకుండా చూసుకోవాలి. హిమోగ్లోబిన్ తగ్గితే ముందు రక్తం పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్, ఐరన్, వీటితో కుదురుతుందేమో చూడమనండి, రక్తం ఎక్కించడం తప్పనిసరి అయితే తెల్లకణాలు వడకట్టే ఫిల్టర్ వేసి ఎక్కించమనండి, అది రిస్క్ తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీసేయదు. ఎక్కించిన తేదీ రాసి కోఆర్డినేటర్‌కి, ల్యాబ్‌కి చెప్పండి. ఎందుకంటే మా ఫ్రిజ్‌లో ఉన్న మీ పాత సీరం అప్పట్నుంచి మీ ఒంట్లో ఏముందో చెప్పలేదు, రెండు వారాలు దాటాక కొత్త శాంపిల్ ఇవ్వాలి, నెగటివ్ ఉన్న డోనర్‌తో కూడా క్రాస్‌మ్యాచ్ మళ్ళీ చేయాలి.